ఒక మాటకు పదకొండు వేలిముద్రలు

నేను ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుని. ఎనిమిది వందల పన్నెండు పుటలు, గట్టి అట్ట, వెన్ను మీద ఒకప్పుడు బంగారు రంగు అక్షరాలు. నాలో ముప్పై వేల మాటలున్నాయి. మనిషికి రోజు గడవడానికి మూడు వందల మాటలు చాలు. మిగిలినవి ఎదుటివాణ్ణి బెదిరించడానికి కావాలి, అందుకే నన్ను కొంటారు. ఈ సంగతి పుట్టిన ఏడాదిలోపే నాకు తెలిసింది. అప్పటినుంచి మనుషుల మీద నా అభిప్రాయం పెద్దగా మారలేదు.

నన్ను కూర్చినాయన రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు. రాజమండ్రిలో ఒక చిన్న అచ్చుకూటంలో నా ప్రూఫులు దిద్దేవాడు. ఆయనకొక అలవాటుండేది. ప్రతి మాటనూ కంపోజిటరు ముందు నటించి చూపాలి. కుంటడం అనే మాట వచ్చిన రోజు అచ్చుకూటమంతా కుంటుతూ తిరిగాడు. గుర్రపు సకిలింపు వచ్చిన రోజు పక్క కొట్టువాళ్లు వచ్చి చూశారు. ‘ఎక్సెంట్రికల్లీ’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, దీన్ని ఎలా నటించాలో తోచక ఆయన ఊరికే నిలబడిపోయాడు. ఇంక వేరే నటించేదేముంది అనుకుని కంపోజిటరు లోలోపల నవ్వుకున్నాడు.

ఆ మాటకు ఆయన ఇచ్చిన అర్థాలు ఇవి: వింతగా, విపరీతంగా, లోకరీతికి భిన్నంగా, పిచ్చి ధోరణిలో. వీటి కింద ప్రయోగం: ‘ఆ వృద్ధుడు వింతగా దుస్తులు ధరించెను.’ రాతప్రతిలో చివర ఇంకొక ముక్క ఉండేది. ‘నింద కానవసరం లేదు’ అని. పుటలో చోటు చాలక కంపోజిటరు దాన్ని తీసేశాడు. పుస్తకాల్లో ముందుగా పోయేది ఎప్పుడూ అలాంటి ముక్కే.

నన్ను మొదట కొన్నది పత్రికల సంపాదకులకు ఉత్తరాలు రాసే పెద్దమనిషి ఒకడు. కాలువల పూడిక దగ్గర నుంచి ప్రపంచశాంతి దాకా దేన్నీ వదిలేవాడు కాదు. పదేళ్లలో ఆయన ఉత్తరాలు రెండు అచ్చయ్యాయి, కాలువ మాత్రం పూడే ఉంది. ఆయన పోయాక అల్లుడు నన్ను ఇస్త్రీ మడతలు చెదరకుండా పంట్లాముల మీద బరువుగా పెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో నా వల్ల ఉపకారం జరిగింది అప్పుడే. తరువాత ఇల్లు మారుతూ, పాత సామానుతో పాటు నన్నూ ఊళ్లోని గవర్నమెంటు ఆసుపత్రికి దానంగా ఇచ్చాడు. తమకు అక్కర్లేనిదాన్ని ఇచ్చి పుణ్యం రాసుకునే విద్య మనుషులకు పుట్టుకతో వస్తుంది.

అది నాగావళి అవతల ఒక చిన్న ఊరు. ఆసుపత్రి ఆఫీసు గదికీ ఆడవాళ్ల వార్డుకీ నడుమ ఒక వరండా మాత్రమే అడ్డం. ఆఫీసు గదిలో సీనియర్ అసిస్టెంటు బూరాడ వైకుంఠరావు బల్ల మీద నా కాపురం. కిటికీలోంచి వార్డు సగం కనబడేది, మాటలు మొత్తం వినబడేవి.

వైకుంఠరావుకు ఇంగ్లీషులో దిట్ట అని పేరు. ఆ పేరు కాపాడుకోవడానికి ఆయన పడే పాట్లు నాకొక్కదానికే తెలుసు. ఉత్తరం రాయవలసి వస్తే ముందు తెలిసిన మాట రాసేవాడు. దాన్ని చూసి మొహం చిట్లించేవాడు. అందరికీ తెలిసిన మాట రాస్తే జిల్లా ఆఫీసువాళ్లు ఖాతరు చెయ్యరనీ, ఫైలు తిరిగొస్తుందనీ ఆయన సిద్ధాంతం. నన్ను తెరిచి, అంతకంటే పొడుగైన మాటను పట్టుకునేవాడు. అర్థం రెండోసారి చూసేవాడు కాదు. పీట కొనేవాడు పొడుగూ వెడల్పూ చూసుకున్నట్టు చూసేవాడు.

వార్డులో సలోమి సిస్టరు ఉండేది. యాభై ఏడేళ్ల మనిషి. సన్నగా, కొంచెం వంగి, చెప్పులు చప్పుడు కాకుండా నడిచేది. ఇంకొక పద్నాలుగు నెలల్లో రిటైరవుతుంది. ఆవిడ చేసే పనులు అందరూ చేసేవే, చేసే తీరు మాత్రం వేరు. సూది వెయ్యబోయే ముందు ప్రతి మనిషినీ అడిగేది.

“ఏమ్మా, గుచ్చనా?”

“ఇప్పుడొద్దు సిస్టరమ్మా, సెయ్యి సలుపుతంది.”

“సరే, పది నిమిషాలాగి వస్తాను.”

నిజంగానే ట్రే అక్కడ పెట్టి వెళ్లి, పది నిమిషాలకు వచ్చేది. మళ్లీ అడిగేది. రెండోసారి ఎవరూ కాదనేవారు కాదు. ఆ పది నిమిషాల్లో వాళ్లు ఏం సంపాదించారో నా ముప్పై వేల మాటల్లో వెతికాను. దొరకలేదు.

రెండోది వరండాలో స్టూలు. ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లు సాయంత్రం ఒక గంట తప్ప రాకూడదు. దాలమ్మ అనే ముసలామె మూడు వారాలుగా అక్కడుంది. ఆమె భర్త ఎర్రయ్య రోజూ పొద్దున్నే నడిచి వచ్చి, వరండాలో చువ్వలు పట్టుకుని నిలబడి ఉండేవాడు. సలోమి మందుల గదిలోని స్టూలు తెచ్చి ఆ కిటికీ బయట వేసింది. రూలు ప్రకారం అతను వార్డు బయటే ఉన్నాడు. భార్యకు మూడడుగుల దూరంలోనూ ఉన్నాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆమె నిద్రపోతే అతను చూస్తూ కూర్చునేవాడు. ఆమె లేస్తే, “ఏటి, ఇంకా ఎల్లనేదా?” అనేది. “ఎల్తాను,” అని కూర్చునేవాడు.

మూడోది, వార్డులో ఎవరైనా పోతే సలోమి చేసే పని. దుప్పటి తల మీదికి లాగేముందు ఆ మనిషి తల దువ్వి జడ వేసేది. మంచం ఖాళీ కావడానికి అరగంట ఆలస్యమయ్యేది. బంధువులు లోపలికొచ్చేసరికి ఆ మనిషి ఎక్కడికో బయలుదేరడానికి సిద్ధమైనట్టుండేది.

కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు చక్రధర్‌గారికి ఇవేవీ కనబడలేదు. ఆయనకు గడియారం కనబడింది. ఎనిమిదిన్నరకు సూదులన్నీ అయిపోవాలి. మిగతా వార్డుల్లో అయిపోతున్నాయి, ఆడవాళ్ల వార్డులో తొమ్మిది దాటుతోంది. పైగా మిగతా సిస్టర్లు ఆయనతో అన్నారట, “ఆవిడ అడిగితే రేపు మమ్మల్నీ అడగమంటారు సార్,” అని. పక్కవాడి మంచితనం తమ మీద పడుతుందేమోనన్న భయం మనుషులకు అంటువ్యాధి కంటే ఎక్కువ.

ఆయన వైకుంఠరావును పిలిచాడు. “ఆవిడ అందరిలా పని చెయ్యట్లేదని జిల్లా ఆఫీసుకి రాయండి. కొంచెం గట్టిగా ఉండాలి.”

“తమరు చూడండి సార్, ఎలా రాస్తానో.”

ముందు ‘డిఫరెంట్‌లీ’ అని రాశాడు. ఏడో తరగతి పిల్లలకు కూడా తెలిసిన మాట. కొట్టేశాడు. నన్ను తెరిచి పుటలు తిప్పాడు. వేలు నా మీద జారుతూ జారుతూ ‘ఎక్సెంట్రికల్లీ’ మీద ఆగింది. పలికి చూశాడు. నోరు నిండింది. లోకరీతికి భిన్నంగా అన్న అర్థం ఆయనకు సరిపోయింది. పక్కనే పిచ్చి ధోరణి కూడా కూర్చుని ఉందని పట్టించుకోలేదు. సలోమి సిస్టరు ‘ఎక్సెంట్రికల్లీ’ ప్రవర్తిస్తున్నదని రాసి సంతకానికి పెట్టాడు. సూపరింటెండెంటు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అర్థం అడిగితే తనకు తెలియదని తేలిపోతుంది. “బాగుంది,” అన్నాడు.

జిల్లా ఆఫీసులో అందరికీ ఆ మాట అర్థమైంది, అంటే అందరికీ నాలుగో అర్థమే అర్థమైంది. వారంలోగా జవాబు వచ్చింది. అలాంటి మనిషిని రోగుల దగ్గర ఉంచడం ప్రమాదం. తగిన ఉదాహరణలూ సాక్షుల వాంగ్మూలాలూ పంపితే, ఆమెను వార్డు నుంచి తప్పించి బట్టల గదిలో వెయ్యాలి. ఆ పైన పెద్ద ఊళ్లో మానసిక వైద్యులకు చూపించాలి. వాళ్లు బాగుందని సర్టిఫికెట్టు ఇచ్చేదాకా మళ్లీ వార్డులో అడుగుపెట్టకూడదు.

వైకుంఠరావు ఆ జవాబును రెండుసార్లు చదివాడు. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాళ్లను భరించవచ్చు, వాళ్లు కొంతసేపు చేసి మానేస్తారు. ఆయన జాగ్రత్తపరుడు. తన మాట తప్పని ఒప్పుకుంటే, అర్థం తెలియకుండా రాశాడని ఊరంతా తెలుస్తుంది. ఒకసారి ఫైలులోకి ఎక్కిన మాటను దించడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఎక్కిన మాటకు ఆధారాలు వెతకడమే వాళ్లకు తెలిసిన పని. ముప్పై ఏళ్లు పని చేసిన మనిషి రిటైరయ్యే ముందు పిచ్చిదన్న ముద్రతో బట్టల గదిలో కూర్చోవడమా, వైకుంఠరావు ఇంగ్లీషు పరువా? ఏది బరువో తూచి చూడవలసిన సంగతి ఇందులో ఏమీ లేదు. అయినా ఆయన కాగితాలు తీసుకుని, వాటి కింద దన్నుగా ఉండడానికి నన్ను పట్టుకుని వార్డులోకి నడిచాడు.

మొదటి మంచం దాలమ్మది.

“సలోమి సిస్టరు మిగతావాళ్లలాగే చేస్తుందా, వేరేగా చేస్తుందా?” అని అడిగాడు.

దాలమ్మ లేచి కూర్చుంది. “అయ్యో, మిగతావోలెక్కడ, మా సిస్టరమ్మెక్కడ! అందరిలాగా సెయ్యదు బాబూ. అడుగుద్ది. ఒద్దంటే ఆగుద్ది. ఇలాటి మనిషిని నానెక్కడా సూడనేదు.”

“అందరికీ భిన్నంగా చేస్తుందన్నమాట.”

“మరే! రాసుకో. బాగా రాయి.”

“వేలిముద్ర వెయ్యాలి.”

“ఏలిముద్రేటి, రెండు సేతులూ ఎయ్యమంటే ఎత్తాను.”

పక్క మంచం ఆమె, “నాది కూడా రాయి బాబూ, నాను ముందొచ్చినాను వార్డుకి,” అని గొడవ పెట్టుకుంది. సిస్టరమ్మకు ఏదో బహుమానం ఇస్తున్నారని వార్డంతా పాకిపోయింది. ఒకామె పక్షవాతం వచ్చిన కుడి చెయ్యిని ఎడమ చేత్తో ఎత్తి తెచ్చి బొటనవేలు నొక్కింది. ఒక్కొక్క వేలి బరువూ కాగితంలోంచి నా అట్ట మీద పడుతుంటే నాకు తెలిసింది. మొత్తం పదకొండు. నేను ముప్పై వేల మాటలున్నదాన్ని. ‘మీరు వేస్తున్నది ఆవిడ మీద సాక్ష్యం’ అన్న చిన్న ముక్క ఒక్కటీ వాళ్లకు చెప్పలేకపోయాను. ఆ పూట నా మీద నాకు కలిగిన చులకన, మనుషుల మీద ఎప్పుడూ కలగలేదు.

పదకొండు వేలిముద్రలతో నేరం రుజువైపోయింది. తరువాతి సోమవారం సలోమి బట్టల గదికి వెళ్లింది. స్టూలు మందుల గదికి వెళ్లింది. ఎర్రయ్య మళ్లీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లడానికి ఇంకొక పదిహేను రోజుల్లో తారీకు పడింది.

వార్డుకు వచ్చిన కొత్త సిస్టరు పేరు నిర్మల. చిన్నపిల్ల, పని వచ్చు, తొందర. మొదటి ఉదయమే దాలమ్మ చెయ్యి పట్టుకుని సూది దించబోయింది. దాలమ్మ చెయ్యి లాగేసుకుంది.

“అడక్కుండా గుచ్చీత్తావేటి?”

“అడగడమేంటి? డాక్టరుగారు రాశారు.”

“ఆయనకి రాసీడమే వచ్చు. సెయ్యి నాది. మా సిస్టరమ్మేదీ?”

“బట్టల గదికి వేశారు. మీరే కదా అందరూ కలిసి వేలిముద్రలు వేశారు, ఆవిడ సరిగా లేదని!”

వార్డులో మంచాలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. నడవగలిగిన ఏడుగురు, నడవలేని నలుగురి తరఫున కూడా, సెలైను సీసా చేత్తో ఎత్తి పట్టుకున్న ఒకామెతో సహా, ఆఫీసు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“బాబూ, మా ఏలిముద్రలు మాకిచ్చీ,” అంది దాలమ్మ.

వైకుంఠరావు లేచి నిలబడ్డాడు. “అది జిల్లాకి వెళ్లిపోయిందమ్మా. ఒకసారి వేశాక తిరిగి ఇవ్వడం ఉండదు.”

“మాది మాకివ్వడానికి నీకేటి బాధ? మేం మంచిదని సెప్పినాం. నువ్వేటి రాసినావు?”

“మీరు చెప్పిందే రాశాను. అందరిలా చెయ్యదు అన్నారు కదా.”

“అన్నాం. మరదే కదా ఆవిడ మంచితనం! సదువుకున్నోడివి, నీకు తెల్దా?”

వైకుంఠరావు నన్ను ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు.

దాలమ్మ గుమ్మం దాటుతూ అంది, “అయితే సరే. ఇయ్యాల నుంచి మమ్మల్ని అడక్కుండా ఎవులూ గుచ్చకూడదు.”

ఆ మాట మీద నిలబడ్డారు. మందు వద్దనలేదు. అడిగితే చెయ్యి చాపేవాళ్లు, అడక్కపోతే రెండు చేతులూ దుప్పట్లో పెట్టుకునేవాళ్లు. నిర్మల మొదటిరోజు అరిచింది. రెండోరోజు ఏడ్చింది. మూడోరోజు తల వంచుకుని, “గుచ్చనా అమ్మా?” అంది. నాలుగోరోజుకు సాయంత్రం డ్యూటీ సిస్టరు కూడా అడగక తప్పలేదు. సూపరింటెండెంటు, తన ఆసుపత్రిలో ముసలమ్మలు సమ్మె కట్టారని జిల్లాకు ఫోను చేశాడు.

విచారణకు వచ్చినావిడ పేరు డాక్టర్ మెహరున్నీసా. కళ్లజోడు మెడలో తాడుకు వేలాడుతూ, ఎవరి మాటా నమ్మనట్టు నడిచే మనిషి. నాకు వెంటనే నచ్చింది. ఆఫీసు గదిలో ఉక్కగా ఉందని వరండాలో కూర్చుంటానంది. వైకుంఠరావు మందుల గదిలోంచి ఆ స్టూలే తెచ్చి ఆ కిటికీ పక్కనే వేశాడు. కాసేపటికి ఎర్రయ్య వచ్చాడు. దూరంగా నిలబడి స్టూలు వంక చూస్తున్నాడు.

“ఏం కావాలి పెద్దాయనా?”

“ఏటీ నేదమ్మా. ఆ స్టూలు నాది. అంటే నాది కాదనుకో, గవర్నమెంటుదే. నాను కూసుంటాను దాని మీద.”

ఆవిడ కిటికీలోంచి లోపలికి చూసింది. దాలమ్మ ఇటే చూస్తోంది. ఆవిడ లేచి, స్టూలు ఆయన వైపు జరిపి, తను వరండా గోడ మీద కూర్చుంది. ఫైలు తెరిచింది.

“ఈ మాట ఎవరు రాశారు?”

“డ్రాఫ్టు నాదండి,” అన్నాడు వైకుంఠరావు.

“అర్థం చదవండి.”

నన్ను తెచ్చారు. వైకుంఠరావు పుట తీశాడు. “వింతగా... విపరీతంగా... లోకరీతికి భిన్నంగా...” నాలుగోది మింగేశాడు.

“నాలుగోది నేను కూడా చూశాను. ఉదాహరణలు ఏవి?”

సూదికి ముందు అడగడం, స్టూలు, జడ. మూడూ చదివాడు. ఆవిడ లేచి వార్డులోకి వెళ్లింది. నిర్మల అప్పుడే ట్రేతో వచ్చింది. “గుచ్చనా అమ్మా?” అంటోంది. ఆ మంచం, ఆ పక్క మంచం, ఆ చివరి మంచం. మెహరున్నీసా గుమ్మంలో నిలబడి అన్నీ వింది. బయటికి వచ్చి అడిగింది.

“లోకరీతి అంటే ఏ లోకానిది వైకుంఠరావుగారూ? ఈ వార్డుదే కదా?”

“అంతేనండి.”

“ఈ వార్డులో అందరూ అడిగే వేస్తున్నారు. మరి ఆవిడ ఎవరికి భిన్నంగా చేసింది?”

వైకుంఠరావు జీవితంలో మొదటిసారి చిన్న మాట వాడాడు. “తెలీదండి.”

ఆవిడ అక్కడే కూర్చుని రాసింది: ‘సదరు వార్డులో సిబ్బంది యావన్మందీ రోగిని అడిగిన మీదటనే సూది వేయుచున్నారు. కావున ఒకరు భిన్నముగా ప్రవర్తించుచున్నారనుటకు ఆధారము లేదు. రిపోర్టులోని మాట ఈమెకు వర్తించదు. వైద్య పరీక్ష అవసరము లేదు. ఈమెను వెంటనే వార్డుకు పంపవలెను.’ స్టూలు గురించి, అది ఇప్పుడు వాడుకలో ఉన్నదని ఒక ముక్క రాసింది. జడ దగ్గర కలం ఆగింది.

“ఇది ఇంకెవరైనా చేస్తున్నారా?”

“లేదండి. ఆవిడొక్కతే.”

ఆవిడ కలం మూసింది. “ఇది ఫైల్లో ఉండకూడదు. ఉంటే దీనికొక రూలు పెడతారు, తరువాత ఎవరూ చెయ్యరు.” ఆ మూడో ఉదాహరణ ఉన్న కాగితాన్ని మడిచి తన సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఒక ఆఫీసరు చేతిలో కాగితం తప్పిపోవడం ఎంత ఉపకారమో ఆ రోజు చూశాను.

సూపరింటెండెంటు వైకుంఠరావును పిలిచి అడిగాడు, ఇలా ఎందుకైందని. “ఆ డిక్షనరీ పాతది సార్. అర్థాలు తప్పులున్నాయి,” అన్నాడు వైకుంఠరావు. అంతే, నా మీద నేరం రుజువు కావడానికి ఒక్క వేలిముద్ర కూడా అక్కర్లేకపోయింది. రిజిస్టరులో నా పేరు మీద ఎర్రగీత పడింది. కొత్త నిఘంటువు వచ్చింది, నాకంటే లావు. నన్ను ఆయా తీసుకుపోయి వార్డులో సిస్టర్ల బల్ల మీద, ఫ్యాను గాలికి చార్టులు ఎగరకుండా పెట్టింది.

సలోమి వచ్చిన రోజు వార్డులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దాలమ్మ మాత్రం, “బట్టలు మడతెట్టడం అయిపోనాదేటి?” అంది. ఆవిడ నవ్వి చార్టులు తీసుకోబోయి నన్ను చూసింది. అంతలో ఆర్డరు కాపీ మీద సంతకం చేయించుకోవడానికి వైకుంఠరావు వచ్చాడు. ఆవిడ కళ్లలోకి చూడలేక గోడ వైపు చూస్తున్నాడు.

“నా మీద రాసిన మాట ఇందులోదేనా అండీ?” అని అడిగింది సలోమి. “ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. చూపించండి.”

తప్పించుకోవడానికి దారి లేదు. ఆయన పుట తీసి వేలు పెట్టాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, నాలుగు అర్థాలూ నిదానంగా, పైకి చదివింది. వృద్ధుడి దుస్తుల వాక్యం కూడా చదివింది.

“ఇంతేనా? నాకేదో పెద్ద రోగం పేరు రాశారనుకుని, రాత్రిళ్లు ప్రార్థన చేసుకున్నానండీ.”

“క్షమించండి సిస్టర్. నేను...”

ఆవిడ గోడ గడియారం చూసింది. “మీరు తరువాత చెబుదురు గాని. మూడో మంచం ఆవిడ ఇందాక వద్దంది. పది నిమిషాలయింది.”

నన్ను మూసి, ట్రే అందుకుని వెళ్లింది. ఆర్డరు కాగితం పట్టుకుని వైకుంఠరావు అక్కడే నిలబడ్డాడు, సంతకం కోసం. ఆవిడ తిరిగి వచ్చేదాకా ఆగాడు.